రాక్ స్లైడర్ కొనే ముందు బండి కింద పడుకుని చూడండి

మదనపల్లె అవతల స్నేహితుడి మామిడితోటకు వెళ్లే బాటలో ఒక వంక అడ్డం వస్తుంది. వానాకాలం తప్పితే అందులో నీళ్లుండవు, రాళ్లే. వంక దిగే చోట ఏనుగు వీపులాంటి గుండొకటి మట్టిలోంచి తేలి ఉంటుంది. మారుతి జిమ్నీ కొన్న ఏడాదికే ఆ గుండు దగ్గర నాకు ఒక పాఠం దొరికింది. ముందు చక్రం గుండెక్కి దిగింది, వెనక చక్రం ఇంకా ఎక్కలేదు. బండి నడుము మెల్లగా రాయి మీద కూర్చుంది. పెద్ద చప్పుడేమీ రాలేదు. పాత ఇనుప మంచం మీద బరువైన మనిషి కూర్చుంటే వచ్చే మూలుగు లాంటిది, అంతే. దిగి చూద్దామని తలుపు తోస్తే జానెడు తెరుచుకుని ఆగిపోయింది.

కిందికి వంగి చూస్తే సంగతి తెలిసింది. తళతళలాడే ఫుట్‌స్టెప్ ఒకటి బిగించుకుని ఉన్నాను. అది పైకి మడుచుకుపోయి, తలుపు కిందుండే సిల్ రేకును రెండు వేళ్ల లోతున లోపలికి నొక్కేసింది. రాయి నా బండి రేకును తాకనే లేదు. రేకును పాడుచేసింది రక్షణగా ఉంటుందని నేను డబ్బిచ్చి బిగించుకున్న వస్తువే. టింకరింగ్ షెడ్డులో ఆ సిల్‌ను బయటికి లాగుతుంటే చూశాను. అది మళ్లీ మొదట్లా కాదు. తలుపులను పట్టి ఉంచే స్తంభాలు నిలబడేది దాని మీదే కాబట్టి అక్కడ వంకర మిగిలితే తలుపు సందులన్నీ తేడా వస్తాయి.

తర్వాత రాక్ స్లైడర్ గురించి, అంటే బండి పక్కభాగాన్ని రాళ్ల నుంచి కాపాడే ఉక్కు దూలం గురించి, దొరికినదంతా చదివాను, నాలుగు షెడ్లు తిరిగాను, ఇద్దరు స్నేహితుల థార్‌లకు దగ్గరుండి చేయించాను. ఆ అనుభవంతో, కొనేవాళ్లూ చేయించుకునేవాళ్లూ ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో వరసగా రాస్తున్నాను. చాలామంది పైపు మెరుపుతో మొదలుపెట్టి, దాన్ని బండికి పట్టి ఉంచే బ్రాకెట్ల దాకా రానే రారు. చూపు బండి అడుగు చట్రమైన చాసిస్ దగ్గర మొదలై బయటికి రావాలి.

ఫుట్‌స్టెప్ వేరు, స్లైడర్ వేరు

ఫుట్‌స్టెప్ మోసేది మనిషి బరువు. స్లైడర్ మోయాల్సింది బండి బరువు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య, తలుపుల కింద, నేరుగా చాసిస్‌కు పట్టి ఉండే ఉక్కు దూలం అది. బండి పక్కభాగం రాయి మీద కూర్చుంటే ఆ బరువు స్లైడర్ నుంచి బ్రాకెట్లకు, బ్రాకెట్ల నుంచి చాసిస్‌కు పోవాలి. బాడీ రేకుకు ఆ సంగతే తెలియకూడదు. పైగా రాయి మీద అది జారాలి. స్లైడర్ అన్న పేరు అందుకే వచ్చింది.

అంగట్లో రెండింటినీ ఒకే గోడకు వేలాడదీస్తారు, పేర్లు కూడా కలిపేస్తారు. "ఇది రాక్ స్లైడరేనా?" అని అడిగితే అవుననే అంటారు. "దీని మధ్యలో జాకీ పెట్టి బండి లేపొచ్చా?" అని అడగండి. జవాబు తడబడితే అది ఫుట్‌స్టెప్పే.

అందరికీ స్లైడర్ అక్కర్లేదు కూడా. మీ ప్రయాణాలు అరకు ఘాట్ రోడ్డు, లంబసింగి చలి, పొలం గట్ల దాకానే అయితే ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టండి. బండలు, గుండ్లు, తెగిపోయిన వంక గట్లు తరచూ దాటేవాళ్లకు, ఇరుకు దారిలో చెట్టు మొద్దుల పక్కనుంచి పోయేవాళ్లకు మాత్రం వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) కంటే ముందు ఇదే కావాలి.

మొదటి అడుగు: మీ బండికి చాసిస్ ఉందో లేదో

థార్, జిమ్నీ, గూర్ఖా, బొలేరో, స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్, హైలక్స్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్: వీటన్నిటికీ నిచ్చెన ఆకారపు చాసిస్ విడిగా ఉంటుంది, బాడీ దాని మీద రబ్బరు దిమ్మల ఆధారంతో కూర్చుంటుంది. స్లైడర్ పట్టుకోవడానికి గట్టి చోటు ఉన్నట్టే.

డస్టర్, క్రెటా, ఎక్స్‌యూవీ700 లాంటివాటిలో విడి చాసిస్ లేదు. సిల్ రేకే అక్కడ ఎముక. అలాంటి బండికి చాసిస్ బండి స్లైడర్‌ను అతికిస్తే దెబ్బంతా సిల్‌కే చేరుతుంది. ఆ బండ్లతో గుండ్ల మీదికి వెళ్లకపోవడమే మేలు.

రెండో అడుగు: బండి కింద కొలతలు

ఒక పాత గోనెపట్టా, టార్చి, టేపు, చాక్‌పీసు, ఫోన్ కెమెరా తీసుకోండి. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి కింద దూరండి. గంట సేపు పడుతుంది. ఈ గంట ఎవరూ మీ తరఫున పెట్టరు.

చాసిస్ పక్క దూలం ఎత్తెంత, వెడల్పెంత కొలవండి. దాని మీద కంపెనీ వదిలిన రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటో తీయండి. బ్రేకు పైపులు, డీజిల్ లేదా పెట్రోలు గొట్టాలు, వైరింగ్ ఏ వైపు నుంచి పోతున్నాయో చాక్‌తో గుర్తు పెట్టండి. రెండు వైపులూ ఒకలా ఉండవు. సైలెన్సర్ గొట్టం ఒక పక్కన దగ్గరగా వెళ్తుంది, ఆ పక్కన బ్రాకెట్‌కు చోటు తగ్గుతుంది. బాడీ కూర్చున్న రబ్బరు దిమ్మలు ఎక్కడున్నాయో, కంపెనీ చెప్పిన జాకీ చోటు ఎక్కడో కూడా రాసుకోండి. వాటిని స్లైడర్ మూసేయకూడదు.

తర్వాత సిల్ అడుగు నుంచి నేలకు ఎంత, చాసిస్ అడుగు నుంచి నేలకు ఎంత, చాసిస్ బయటి గోడ నుంచి సిల్ బయటి అంచుకు ఎంత అని మూడు కొలతలు తీయండి. స్లైడర్ ఎంత బయటికి రావాలో, ఎంత కిందికి దిగవచ్చో ఇవే చెబుతాయి. అంగడికి వెళ్లినా, షెడ్డుకు వెళ్లినా ఈ కాగితం చేతిలో ఉండాలి.

మూడో అడుగు: బ్రాకెట్లు

ఇక్కడ ఆగండి. మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం. నా స్లైడర్ చేసిన మేస్త్రీ నన్ను మొదటిరోజే పైపుల దగ్గర్నుంచి పక్కకు పిలిచి, బల్ల మీదున్న ప్లేటు ముక్కలు చూపించాడు. "పైపు ఎంత లావుదైతే ఏముందన్నా, బండిని పట్టుకునేది ఈ నాలుగు ముక్కలే కదా" అన్నాడు.

లెక్క వేసి చూద్దాం. ఐదు తలుపుల జిమ్నీ ఖాళీ బరువు మోడల్‌ను బట్టి 1,195 నుంచి 1,210 కిలోలు. ఒక పక్క అంతా రాయి మీద కూర్చుంటే దాదాపు 600 కిలోలు. స్లైడర్ బయటి పైపు చాసిస్ గోడకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. ఆ 600 కిలోలు గడ్డపార చివర వేలాడదీసిన బరువులా బ్రాకెట్లను పైకి మెలిపెడతాయి. బ్రాకెట్ ప్లేటు పై అంచు చాసిస్‌కు నొక్కుకుంటుంది, కింది బోల్టు ఊడిరావడానికి చూస్తుంది. బరువును రెండు బ్రాకెట్లు పంచుకున్నాయనుకుని, పై అంచుకూ కింది బోల్టుకూ మధ్య 80 మి.మీ. ఎడం ఉంటే ఒక్కో కింది బోల్టు మీద లాగుడు దాదాపు 940 కిలోలు. అదే ఎడం 30 మి.మీ. అయితే రెండున్నర టన్నులు. ఇది బండి నెమ్మదిగా కూర్చున్నప్పటి మాట. అడుగెత్తు నుంచి దబ్బున పడితే ఇంకా ఎక్కువ.

కాబట్టి బ్రాకెట్‌లో చూడాల్సింది ప్లేటు ఎత్తు. చాసిస్ దూలం గోడను వీలైనంత పైనుంచి కిందిదాకా కప్పాలి. కింద అడుగుకు కూడా ఎల్ ఆకారంలో తిరిగి పట్టుకుంటే మరీ మంచిది. ప్లేటు మందం 5 లేదా 6 మి.మీ. ఉండాలి. 3 మి.మీ. ప్లేటును చేత్తో ఊపితే గట్టిగానే అనిపిస్తుంది, రాయి కింద అది మడుచుకుంటుంది. ఒక్కో పక్క కనీసం మూడు బ్రాకెట్లు, థార్ రాక్స్, వీ-క్రాస్ లాంటి పొడవాటి బండ్లకు నాలుగు. బ్రాకెట్ నుంచి పైపుకు వెళ్లే కాలు కింద మూలలో త్రికోణపు ముక్క వెల్డ్ చేసి ఉండాలి. షెడ్లలో దాన్ని గసెట్ అంటారు. నేను చూసిన వంగిపోయిన స్లైడర్లలో ఎక్కువ వాటికి ఈ ముక్కే లేదు.

బోల్టు చేయించాలా, వెల్డ్ చేయించాలా అని అందరూ అడుగుతారు. గట్టిదనం ఒక్కటే చూస్తే చాసిస్‌కు వెల్డ్ చేసిందే గట్టిది. అయినా మన దగ్గర రోజూ రోడ్డు మీద తిరిగే బండికి నేను బోల్టు పద్ధతే చెబుతాను. వెల్డింగ్ వేడికి చాసిస్ లోపలి వైపు రంగు కాలిపోతుంది, కంటికి కనబడని ఆ చోట తుప్పు మొదలవుతుంది. వారంటీ మాట దెబ్బతింటుంది. ఒక పక్క స్లైడర్ వంగితే విప్పి మార్చే దారి ఉండదు. వీటన్నిటికంటే చట్టం సంగతి ఒకటుంది, అది కింద చెబుతాను.

బోల్టు పద్ధతిలో రెండు జాగ్రత్తలు. మొదటిది, చాసిస్‌కు కొత్త రంధ్రాలు వేయనివ్వకండి. కంపెనీ వదిలిన రంధ్రాలు వాడుకోవాలి, లేదా రెండు ప్లేట్లు కలిసి చాసిస్‌ను ఇటూ అటూ బిగించి పట్టే పద్ధతి కావాలి. రెండోది, పెట్టె ఆకారపు చాసిస్ లోపల డొల్ల. ఈ గోడ నుంచి ఆ గోడకు బోల్టు దూర్చి బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుంటాయి. బిగించినకొద్దీ నొక్కుకుంటూనే ఉంటాయి, బోల్టు ఎప్పటికీ బిగుతు పట్టదు. రెండు గోడల మధ్య సరిగ్గా పట్టేంత పొడవున ఒక చిన్న గొట్టం పెట్టి దానిలోంచి బోల్టు పోనివ్వాలి. ఈ మాట ఎత్తగానే మేస్త్రీ ఏమంటాడో చూడండి. "అదెందుకు?" అన్నాడంటే వేరే షెడ్డుకు వెళ్లండి.

బోల్టు తల మీద 8.8 అని గానీ 10.9 అని గానీ అచ్చు ఉండాలి. ఏ అంకే లేని బోల్టు బీరువాలకు, గేట్లకు. ఎం12 సైజు, 8.8 రకం బోల్టుకు సుమారు 80 న్యూటన్ మీటర్లు, ఎం10 అయితే 45 నుంచి 50 బిగుతు సరిపోతుంది. బిగుతు కొలిచే టార్క్ రెంచ్ లేని షెడ్డులో చివరి బిగింపు మీరే అద్దెకు తెచ్చిన రెంచ్‌తో చేయండి.

నాలుగో అడుగు: పైపు

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. మన ఇనుప అంగళ్లలో "ఇంచున్నర పైపు" అంటే బయటి కొలత ఇంచున్నర కాదు. నీళ్ల పైపుల లెక్కలో అది లోపలి దారికి పెట్టిన పేరు, బయటి వ్యాసం 48.3 మి.మీ. ఉంటుంది. "రెండించుల పైపు" 60.3 మి.మీ. అందులో మళ్లీ ఏ, బీ, సీ క్లాసులు. పసుపు పట్టీ పలచనిది, నీలం పట్టీ మధ్యరకం, ఎరుపు పట్టీ మందమైనది. బీ క్లాసులో ఇంచున్నర పైపు గోడ 3.2 మి.మీ., రెండించులది 3.6 మి.మీ. ఉంటుంది.

నీళ్ల పైపులు ఐఎస్ 1239 అనే భారతీయ ప్రమాణం కింద వస్తాయి. కట్టడాలకు వాడే గుండ్రటి గొట్టాలు ఐఎస్ 1161, చతురస్రం, దీర్ఘచతురస్రం గొట్టాలు ఐఎస్ 4923 కింద వస్తాయి. వీటి మీద వైఎస్‌టీ 210, 240, 310 అని రకాలుంటాయి. ఆ అంకె ఎంత ఒత్తిడి దగ్గర ఉక్కు తిరిగిరాకుండా వంగిపోతుందో చెబుతుంది. స్లైడర్‌కు 240 గానీ 310 గానీ అడగండి. జీఐ పైపు వద్దు. దాని మీది జింకు వెల్డింగ్‌లో కాలి పొగవుతుంది, ఆ పొగ మేస్త్రీ ఊపిరికి చేటు, వెల్డు కూడా బుడగలు పడుతుంది.

లావు పైపు మేలా, మందం పైపు మేలా? అంకెలు చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. 48.3 మి.మీ. పైపు గోడను 2 నుంచి 3.2 మి.మీ.కు పెంచితే బరువు మీటరుకు 2.3 కిలోల నుంచి 3.6 కిలోలకు, అంటే ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. వంగకుండా నిలిచే బిగువు కూడా సుమారు ఒకటిన్నర రెట్లే. అదే 3.2 మి.మీ. గోడ ఉంచి వ్యాసాన్ని 48.3 నుంచి 60.3కు పెంచితే బరువు పాతిక శాతం చిల్లర పెరుగుతుంది, బిగువు మాత్రం రెట్టింపవుతుంది. పైపు నిడివి మొత్తం వంగకుండా ఉండాలంటే లావు పెంచడమే లాభం.

అయితే పలచటి గోడ లావు పైపు తీసుకుంటే ఇంకో చిక్కు. రాయి తాకేది ఒక్క చోట. గోడ పలచనైతే పైపు వంగకముందే అక్కడ సొట్ట పడుతుంది. సొట్ట పడ్డ పైపుకు ముందున్న బలం ఉండదు, తర్వాతి దెబ్బకు సరిగ్గా అక్కడే మడుచుకుంటుంది. మన రాళ్లు అన్నీ ఒకలా ఉండవు. హైదరాబాద్ చుట్టుపక్కల, మదనపల్లె వైపు గ్రానైటు గుండ్లు లక్షల ఏళ్ల ఎండవానలకు పొరలు ఊడి గుండ్రబడ్డాయి. బరువు వెడల్పుగా ఆనుతుంది, స్లైడర్ చక్కగా జారుతుంది. కడప వైపు పలకరాళ్ల అంచులు కత్తి మొనల్లా ఉంటాయి, బరువంతా ఒక గీత మీద పడుతుంది. అలాంటి చోట్ల తిరిగేవాళ్లు గోడ మందం తగ్గించుకోకూడదు.

నా తీర్పు ఇది. రాయిని తాకే ముఖ్యమైన దూలం 60.3 మి.మీ., 3.6 మి.మీ. గోడ. లేదా 50 మి.మీ. చతురస్రపు గొట్టం, 4 మి.మీ. గోడ. బయట కాలు పెట్టే పైపు 48.3 మి.మీ., 3.2 మి.మీ. గోడ. జిమ్నీకి ఇది ధారాళంగా సరిపోతుంది. ఫార్చ్యూనర్, హైలక్స్ బరువులకు ముఖ్య దూలం ఇంకో మెట్టు పైన ఉండాలి. అమెరికాలో ఉండే మనవాళ్లు రాంగ్లర్‌కో టకోమాకో రెడీమేడ్ స్లైడర్ చూసేటప్పుడు గోడ మందం అంగుళాల్లో కనిపిస్తుంది. 0.120 అంటే 3 మి.మీ., 0.188 అంటే 4.8 మి.మీ. డీఓఎం అని ఉంటే లోపల మాండ్రెల్ అనే కడ్డీ పెట్టి చల్లగా లాగిన గొట్టం, కొలత కచ్చితంగా ఉంటుంది, బలమూ ఎక్కువ.

మెరిసే స్టెయిన్‌లెస్ పైపు జోలికి పోకండి. అంగట్లో దొరికే ఆ మెరుపు స్టెప్పుల గోడ సాధారణంగా మిల్లీమీటరు, మిల్లీమీటరున్నరే ఉంటుంది. నాది మడుచుకుపోయింది ఆ రకమే. అల్యూమినియం తేలిక నిజమే గానీ రాయి మీద జారడానికి బదులు పట్టేస్తుంది, చిత్రిక పట్టినట్టు పెచ్చులు లేస్తుంది. రాయి మీద ఉక్కు జారినట్టు అది జారదు.

కొనేచోటికి మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ తీసుకెళ్లండి. పైపు చివర మూసి ఉంటే గోడ మందం కనబడదు. అలాంటప్పుడు తూకం వేయించండి. 60.3 పైపు 3.6 గోడతో మీటరుకు 5 కిలోలు తూగాలి. తూకం దాచలేరు.

ఐదో అడుగు: ఆకారం

స్లైడర్ నేలకు సమాంతరంగా బయటికి వస్తే కాలు పెట్టడానికి బాగుంటుంది, హైలిఫ్ట్ జాకీ (బండిని పక్కనుంచి ఎత్తే పొడవాటి జాకీ) నిలబడుతుంది. బయటి అంచు 15 నుంచి 20 డిగ్రీలు పైకి లేచి ఉంటే నేల ఎడం మిగులుతుంది, రాయి అంచు కిందికి దూరకుండా పక్కకు జారుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కిదిగే బండి అయితే చదునుది, గుండ్ల మీద ఎక్కువ తిరిగే బండి అయితే లేచినది. నేను 15 డిగ్రీలకు ఒప్పుకున్నాను. అమ్మ ఎక్కగలుగుతోంది, పైపు మీద గరుకు పట్టీ అతికించాక కాలు జారడం లేదు.

వెనక చక్రానికి ముందు స్లైడర్ కాస్త బయటికి తిరిగి ఉండటాన్ని కిక్-అవుట్ అంటారు. మొదట నేను దాన్ని సోకు అనుకున్నాను. మలుపులో వెనక చక్రం ముందు చక్రం దారిలో పోదు, లోపలికి కోసుకుపోతుంది. అక్కడ చెట్టు మొద్దో బండో ఉంటే వెనక తలుపుకు తగులుతుంది. ఈ వంపు ముందుగా దానికి ఆనుకుని బండి వెనక భాగాన్ని పక్కకు నెడుతుంది. ఇరుకు దారుల్లో తిరిగేవాళ్లు పెట్టించుకోండి. కానీ బండి వెడల్పు దాటి బయటికి పొడుచుకు రాకూడదు. ఊళ్లో సైకిలు మీద పోయేవాడి మోకాలికి తగిలితే మన సరదా అతని ప్రాణం మీదికి వస్తుంది.

పైపులకూ సిల్‌కూ మధ్య ఖాళీలో రేకు నింపి మూసేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ ఒండ్రు అక్కడే చేరుతుంది. రేకు పెట్టించినా పెద్ద రంధ్రాలుండాలి.

ఆరో అడుగు: ఎత్తూ బరువూ

జిమ్నీ ఐదు తలుపుల బండి చక్రాల మధ్య దూరం 2,590 మి.మీ., నడుము కోణం 24 డిగ్రీలు. అంటే అంత మొన ఉన్న దిబ్బ వరకూ నడుము తగలకుండా దాటుతుంది. నడుము దగ్గర ఇప్పుడున్న అతి తక్కువ ఎత్తు కంటే స్లైడర్ 40 మి.మీ. కిందికి దిగితే ఆ కోణంలో దాదాపు మూడున్నర డిగ్రీలు పోతాయి. అప్పటిదాకా తగలకుండా దాటిన గుండ్లు తగలడం మొదలవుతాయి. అందుకే స్లైడర్ అడుగు చాసిస్ అడుగు కంటే కిందికి దిగకూడదన్నది నా నియమం. సిల్‌కు దగ్గరగా పైకి ఎక్కించండి. కానీ అతికినట్టు కాదు. బాడీ రబ్బరు దిమ్మల మీద కదులుతుంది, దెబ్బ తగిలితే స్లైడర్ కూడా కొంచెం వంగి తిరిగొస్తుంది. ఆ రెంటికీ 15 నుంచి 20 మి.మీ. సందు కావాలి. వేలు అడ్డంగా దూరాలని గుర్తుంచుకుంటే చాలు.

బరువు సంగతి చాలామంది వదిలేస్తారు. నేను పైన చెప్పిన కొలతలతో జత స్లైడర్లు బ్రాకెట్లతో కలిపి సుమారు 40 నుంచి 45 కిలోలు వస్తాయి. జిమ్నీ మొత్తం అనుమతి బరువు 1,545 కిలోలు. 1,210 కిలోల మోడల్‌కు మిగిలేది 335. తలా 70 కిలోల నలుగురు కూర్చుంటే 280 పోయి 55 కిలోలు మిగులుతాయి. స్లైడర్లు పెట్టాక ఇక మంచినీళ్ల క్యానుకే చోటు. నలుగురితో తిరిగేవాళ్లు స్లైడర్ పెట్టుకుంటే టాప్ క్యారియర్, రెండో స్పేరు చక్రం లాంటివి మానుకోవాలి.

ఏడో అడుగు: వెల్డింగ్ చూడటం

రంగు వేయకముందే వెళ్లి చూడండి. రంగు వేశాక అన్ని వెల్డులూ అందంగానే ఉంటాయి. ఒక పైపు చివర ఇంకో పైపు గుండ్రానికి సరిపోయేలా అర్ధచంద్రంగా కోసి ఆనించారా, లేక తిన్నగా కోసి మిగిలిన సందును వెల్డుతో నింపేశారా? వెలుతురు వైపు పెట్టి చూడండి. వెల్డు చుట్టూ తిరిగి పూర్తిగా ఉండాలి, అక్కడో చుక్క ఇక్కడో చుక్క కాదు. వెల్డు పక్కన పైపు కోసుకుపోయినట్టు గాడి ఉంటే అక్కడ గోడ పలచబడింది, అక్కడే చిట్లుతుంది. సూది గుచ్చినట్టు రంధ్రాలుంటే గ్రైండ్ చేయించి మళ్లీ వేయించండి. పైపు వంపు దగ్గర ముడతలు పడితే ఆ ముక్కను ఒప్పుకోకండి.

సీవోటూ వెల్డింగ్ (గ్యాస్ రక్షణలో తీగతో వేసే వెల్డింగ్) ఉన్న షెడ్డు దొరికితే మంచిది. మామూలు ఆర్క్ వెల్డింగ్ కూడా తెలిసిన చేతిలో గట్టిదే. కొలతల కోసం బండి మీదే చుక్క వెల్డు వేయాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పించండి, ఇంధన గొట్టాల మీద తడి గోనె కప్పించండి. పూర్తి వెల్డు మాత్రం స్లైడర్‌ను బండి నుంచి దించి నేల మీదే వేయాలి.

రంగు

పౌడర్ కోటింగ్ మొదట్లో బ్రహ్మాండంగా ఉంటుంది. రాయి గీసిన చోట పెచ్చు లేచి, దాని కింద తుప్పు పాకుతుంది, బయటికి కనబడదు. స్లైడర్ గీసుకుపోవడానికే ఉన్న వస్తువు కాబట్టి ఎపాక్సీ ప్రైమర్ వేసి మామూలు నల్ల రంగు కొట్టించండి. గీతలు పడ్డచోట ఇంట్లోనే ఉప్పుకాగితం రుద్ది మళ్లీ వేసుకోవచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవాళ్లు ఏడాదికి రెండుసార్లు ఆ పని చేయాలి. పైపు చివరలు మూసి ఉండాలి, అడుగున నీరు కారే చిన్న రంధ్రం ఉండాలి.

ఎనిమిదో అడుగు: చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదంటుంది. 2019 సవరణలో వచ్చిన 182ఏ(4) ప్రకారం అనుమతిలేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ ముందు బిగించే బుల్‌బార్లు, క్రాష్‌గార్డుల గురించి. స్లైడర్ బండి వెడల్పు లోపలే ఉంటుంది, బోల్టు పద్ధతి అయితే విప్పేయవచ్చు. చాసిస్‌ను కోయడం, వెల్డ్ చేయడం మాత్రం మార్పు కాదని వాదించడం కష్టం. మీ ఆర్టీవో ఆఫీసులో ముందే అడగండి. బీమా కంపెనీకి ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి. ఏజెంటు ఫోన్‌లో చెప్పిన "ఏం కాదు సార్" క్లెయిమ్ రోజున పనికిరాదు.

తొమ్మిదో అడుగు: డబ్బు చెల్లించే ముందు జాకీ పరీక్ష

షెడ్డులోనే చేయండి. చదును నేల, అవతలి పక్క చక్రాలకు ముందూ వెనకా అడ్డు. స్లైడర్ పై అంచుకూ సిల్‌కూ మధ్య సందును మూడు చోట్ల కొలిచి చాక్‌తో రాయండి. ట్రాలీ జాకీని స్లైడర్ నడిమధ్య, బయటి పైపు కింద పెట్టి, మధ్యలో చెక్క ముక్క ఉంచి నెమ్మదిగా లేపండి. ఆ పక్క రెండు చక్రాలూ నేల వదలడం మొదలయ్యే దాకా చాలు. ఎవరూ బండి కింద తల గానీ చెయ్యి గానీ పెట్టకూడదు. తలుపు తెరిచి మూయండి, ఎప్పటిలాగే మూసుకోవాలి. సందు మళ్లీ కొలవండి. నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గితే పర్వాలేదు, ఉక్కు కాస్త వంగుతుంది. జాకీ దించాక సందు మొదటి అంకెకే రావాలి. రాకపోతే ఎక్కడో ఏదో వంగిపోయింది, లేదా బ్రాకెట్ జారింది. అప్పుడు డబ్బు చెల్లించకండి, బ్రాకెట్ విప్పించి చూడండి.

నా బండికి మొదటిసారి 3 మి.మీ. తిరిగిరాలేదు. మేస్త్రీ మాట్లాడకుండా వెనక బ్రాకెట్ విప్పాడు. చాసిస్ రంగు మీద ప్లేటు జారిన గీత తళుక్కుమంది. ఆ ప్లేటును కొత్తగా, అడుగుకు తిరిగి పట్టేలా చేశాడు. రెండోసారి సందు కొలత మొదటి అంకెకే వచ్చింది.

వాడకం మొదలయ్యాక

స్లైడర్ ఉందని బండిని రాయి మీదికి విసరకండి. కిందికి దిగి దారి చూపే మనిషి ఉండాలి, లో-రేంజ్ గేరులో (బండిని బాగా నెమ్మదిగా, బలంగా నడిపే గేరు) బరువును మెల్లగా రాయి మీద కూర్చోబెట్టాలి. ఎక్కడ ఆనుతుందో ముందే తెలిస్తే సగం పని అయినట్టే. కాస్త ముందుకు జారనిచ్చి, స్టీరింగ్ తిప్పి బండిని రాయి చుట్టూ తిప్పుకోవచ్చు. మామిడితోట బాటలోని ఆ గుండు మీద ఇప్పుడు నా స్లైడర్ నల్లరంగు చారలు నాలుగైదున్నాయి. తలుపు తెరుచుకుంటోంది.

బిగించిన 100 కిలోమీటర్లకు ఒకసారి, మొదటి రాళ్ల ప్రయాణం అయ్యాక ఒకసారి నట్లన్నీ టార్క్ రెంచ్‌తో చూడండి. ఆ తర్వాత ప్రతి నట్టు మీదుగా బ్రాకెట్ దాకా తెల్ల రంగుతో ఒక గీత గీయండి. నట్టు కదిలితే గీత విరుగుతుంది, టార్చి వేస్తే దూరం నుంచే తెలుస్తుంది. వాన ప్రయాణం నుంచి వచ్చినప్పుడు బ్రాకెట్లకూ చాసిస్‌కూ మధ్య చేరిన బురదను పైపుతో నీళ్లు కొట్టి కడగండి, ఎండిపోనివ్వకండి. గీత తప్పిన నట్టు కనిపిస్తే ఆ రోజే బిగించండి. అదే నట్టు రెండోసారి వదులైతే బోల్టూ నట్టూ రెండూ మార్చేయండి.